తలకు ఎన్ని హెక్టార్లు? అమెజాన్ ఆదివాసీ భూములపై అపోహలు - వాస్తవాలు

నాది పటాల పని. ఉపగ్రహ చిత్రాల మీద అమెజాన్ ఆదివాసీ భూముల హద్దులు సరిచూసి, వాటి పక్కన జనాభా లెక్కలు చేరుస్తుంటాను. ఊళ్లో ఎవరైనా అడిగితే ‘బ్రెజిల్ సర్వేయరుని’ అని చెప్పి తప్పించుకుంటాను. ఈ పనిలో ఉన్నవారి పట్టికలో ఎప్పుడో ఒకప్పుడు ఒక నిలువు వరుస వచ్చి కూర్చుంటుంది. విస్తీర్ణాన్ని జనంతో భాగించి, తలకు ఎన్ని హెక్టార్లో చూపే వరుస అది. నివేదికలు అడిగేవారికి అదంటే మహా ఇష్టం. నేను విన్న అపోహల్లో సగం అక్కడే పుట్టాయి.

అపోహ: పిడికెడు మందికి రాష్ట్రమంత భూమి రాసిచ్చేశారు

బ్రెజిల్ ఉత్తరపు కొసన, వెనిజులా సరిహద్దుకు ఆనుకుని యనోమామి అనే ఆదివాసుల భూమి ఉంది. విస్తీర్ణం 96 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. తెలంగాణ మొత్తం కలిపితే 1.12 లక్షలు. 2022 జనగణనలో యనోమామి భూమిలో తేలిన ఆదివాసులు 27,152 మంది. భాగిస్తే తలకు సుమారు 355 హెక్టార్లు, అంటే 870 ఎకరాల పైన. ఈ అంకె విని ‘ఒక్కొక్కరూ ఒక్కో జమీందారన్నమాట’ అన్నాడు ఒక మిత్రుడు.

జమీందారు భూమిని అమ్ముకోగలడు, తాకట్టు పెట్టగలడు. యనోమామి సెంటు భూమి కూడా అమ్మలేరు. 1988 నాటి బ్రెజిల్ రాజ్యాంగం ప్రకారం ఆదివాసీ భూముల యాజమాన్యం కేంద్ర ప్రభుత్వానిదే. 231వ అధికరణం ఆదివాసులకు ఇచ్చినది శాశ్వత స్వాధీనం, నేల మీదా నదుల మీదా అనుభవ హక్కు. నేల కింది ఖనిజం మళ్లీ ప్రభుత్వానిదే. జమీందారీని చూడాలనే ఉంటే అదే దేశపు 2017 వ్యవసాయ గణన తిరగేయాలి. వెయ్యి హెక్టార్లు, ఆపైన ఉన్న కమతాలు లెక్కకు ఒక్క శాతమే, కానీ మొత్తం కమతాల విస్తీర్ణంలో 47 శాతానికి పైగా వాటి కిందే ఉంది. అది 16 కోట్ల హెక్టార్లు దాటుతుంది. దేశంలోని ఆదివాసీ భూములన్నీ కలిపినా 12 కోట్ల దగ్గరే ఆగుతాయి.

సరే, అంత అడవితో వారేం చేస్తారు? పోడు చేస్తారు. ఆ మాటను తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. కొద్దిమేర నరికి, ఎండనిచ్చి, కాల్చి, ఆ బూడిదలో కర్రపెండలం, అరటి నాటుతారు. రెండు మూడు పంటలకు సారం తగ్గి కలుపు మీద పడుతుంది. దాన్ని వదిలి మరో చోటు చూసుకుంటారు. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్ 30 మీటర్ల చదరం, అంటే సుమారు 22 సెంట్లు. అర హెక్టారు పోడు నా తెర మీద ఐదారు పిక్సెళ్ల గులాబీ మచ్చ. ఏడాదికొకటి చొప్పున పాత చిత్రాలు వరసగా తిప్పుతుంటే ఆ మచ్చ పసుపుపచ్చగా, తర్వాత లేతాకుపచ్చగా మారి, చివరికి ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. బంగారం తవ్వినచోటు అలా ఉండదు. వాగు పొడవునా బురదనీటి గుంటలు పూసలు గుచ్చినట్టు కనిపిస్తాయి, ఏళ్ల తరబడి మానవు. (అన్నట్టు, ఈ అడవి మీద కన్నేసి ఉంచే బ్రెజిల్ సొంత ఉపగ్రహం అమెజోనియా-1 నింగికి ఎగిరింది మన శ్రీహరికోట నుంచే, 2021 ఫిబ్రవరి 28న.)

పాత పోడు తిరిగి అడవి కావాలంటే చుట్టూ అడవి మిగిలి ఉండాలి. వేటకు, చేపలకు, ఆకులకు, తీగలకు రోజుల తరబడి నడిచే దూరాలు కావాలి. పటంలో ‘ఖాళీ’గా కనబడేది చాలావరకు ఒకప్పుడు సాగైన చోటో, రేపు సాగు కాబోయే చోటో.

ఈ ‘ఎక్కువ భూమి’ వాదన ప్రకారమే ఒకసారి గీతలు గీసి కూడా చూశారు. 1980ల చివర బ్రెజిల్ ప్రభుత్వం యనోమామి భూమిని 19 విడివిడి ముక్కలుగా కోసింది. ఊళ్లున్న చోట్లు ముక్కల్లో ఉన్నాయి, వాటి నడుమ అడవి బయటపడింది. ఆ నడుమ భాగాల్లోకే బంగారం తవ్వేవారు వేల సంఖ్యలో దిగారు, వారితో పాటు మలేరియా వచ్చింది. మళ్లీ అంతా కలిపి ఒకే హద్దుగా ఖాయం చేయడానికి 1992 మే దాకా పట్టింది. హద్దు ఉన్నంత మాత్రాన కావలి ఉన్నట్టు కాదని 2023 జనవరిలో మరోసారి తేలింది. అక్రమ తవ్వకాల నడుమ పిల్లలు పోషణ లేక చనిపోతుంటే ప్రభుత్వం అక్కడ ఆరోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది.

ఇదే నిలువు వరుసలో కిందికి దిగితే, వర్షారణ్యానికి బయట, దక్షిణాన సోయా పొలాల నడుమ దొరాదోస్ అనే ఆదివాసీ భూమి వస్తుంది. అక్కడ దాదాపు 3,500 హెక్టార్లలో 13 వేలమందికి పైగా గ్వారానీ-కయోవా, తెరేనా ప్రజలు ఉంటున్నారు. తలకు 65 సెంట్లు. దాన్ని చూపి ‘ఇంత తక్కువా’ అని అడిగినవారు నాకింతవరకు తగల్లేదు.

అపోహ: మనిషి చెయ్యి పడని ఆదిమ అడవి

ఈ అపోహ అడవిని ప్రేమించేవారికే ఎక్కువ. 1542లో స్పెయిన్ సాహసి ఒరెల్లానా పడవల్లో అమెజాన్ నది పొడవునా వెళ్లినప్పుడు వెంట ఉన్న మతగురువు కర్వహాల్, ఒడ్డున ఊరు వెంట ఊరు చూశామని రాశాడు. తర్వాత వచ్చినవారికి ఆ ఊళ్లు కనబడలేదు గనుక అతడిని కోతలరాయుడి కింద జమకట్టారు. మధ్యలో మశూచి, బానిసల వేట వచ్చి వెళ్లాయని మరిచారు. యూరప్ వాళ్లు రాకముందు అమెజాన్‌లో 80 లక్షల నుంచి కోటి దాకా జనం ఉండేవారని ఇప్పుడు చాలామంది పరిశోధకుల అంచనా.

సాక్ష్యం నేలలోనే ఉంది. మన నల్లరేగడి అగ్నిశిలలు చివికి ఏర్పడింది. అమెజాన్ నల్లమట్టిని మాత్రం మనుషులే చేశారు: బొగ్గు, చేపముళ్లు, కుండపెంకులు, వంటింటి చెత్త వందల ఏళ్లు పేరుకుని అయిన మట్టి అది. చుట్టూ ఎర్రటి నిస్సార నేల ఉంటే దాని మధ్య అడుగుల లోతున నల్లగా ఉంటుంది. బ్రెజిల్‌లోని షింగూ నది ఎగువ ప్రాంతంలో ఆర్కియాలజిస్టు మైకేల్ హెకెన్‌బర్గర్ కందకాలు, తిన్నని బాటలు ఉన్న పాత ఊళ్లను పటానికెక్కించి 2003లో ప్రచురించినప్పుడు, ఆ పత్రం రచయితల్లో అక్కడి కుయికురో ఆదివాసుల పెద్ద అఫుకాకా కూడా ఉన్నాడు. ఈక్వడార్‌లోని ఉపానో లోయలో లేజర్ సర్వే ఆరు వేలకు పైగా మట్టి దిబ్బలను, వాటిని కలిపే రహదారులను చూపింది. అవి రెండున్నర వేల ఏళ్ల నాటి కట్టడాలు. ఆ ఫలితం 2024లో వెలువడింది.

పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు వెళ్లే కర్రపెండలం పుట్టిల్లు అమెజాన్ నైరుతి అంచు. మనం ‘అనాస’ అంటున్నది అక్కడి ఆదివాసుల తూపీ భాషల మాట, పోర్చుగీసువారి నోట మన దాకా వచ్చింది. ఎవరూ లేని అడవి నుంచి పంటలూ వాటి పేర్లూ ఎలా వచ్చాయో మరి.

అపోహ: వారి సంఖ్య ఉన్నట్టుండి రెట్టింపైంది, అంటే సగం దొంగ ఆదివాసులే

బ్రెజిల్ జనగణనలో ఆదివాసులు 2010లో 8,96,917, 2022లో 16.9 లక్షలు. పెరుగుదల 88 శాతం దాటింది. ఏ జాతీ పన్నెండేళ్లలో అలా పిల్లల్ని కనదు, నిజమే. మారింది ముఖ్యంగా ప్రశ్న. ‘మిమ్మల్ని మీరు ఆదివాసీగా భావిస్తారా’ అన్న అదనపు ప్రశ్నను 2010లో గుర్తింపు పొందిన ఆదివాసీ భూముల లోపలే అడిగారు. 2022లో బయట ఉన్న ఆదివాసీ నివాసాల్లోనూ అడిగారు. ఇదివరకు చేరలేని ఊళ్లకు గణకులు చేరారు. పేరు చెప్పుకోవడానికి జంకే రోజులు కొంత తగ్గాయి.

తలకు ఎన్ని హెక్టార్లో చెప్పేవారు దాచే సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. 2022లో ఆదివాసీ భూముల లోపల నివసిస్తున్నవారు 37 శాతమే, మిగతావారంతా బయటే. దేశంలో అత్యధిక ఆదివాసులున్న మునిసిపాలిటీ అమెజాన్ నడిబొడ్డున ఉన్న మనౌస్ మహానగరం, 71 వేలమందికి పైగా. కొడుకు మనౌస్‌లో చదువుకుంటే తండ్రి ఎగువ నది మీద పోడు చేస్తుంటాడు. గణన జరిగిన రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదాన్ని బట్టి భూమి మీద హక్కు తేల్చలేము. సంక్రాంతికి ఊళ్లకు కదిలే హైదరాబాదును చూసినవారికి ఇది తెలియనిది కాదు.

వెనకటి తరం అపోహ దీనికి తలకిందులు: వారు అంతరించిపోతారు, ఆగండి, భూమి గొడవ దానంతటదే తీరుతుంది. పనారా ప్రజల విషయంలో అది దాదాపు జరిగింది. కుయబా-సాంతరెం రహదారి వారి నేల మీదుగా పడ్డాక, 1973లో బయటివారితో పరిచయమైన రెండేళ్లలో రోగాలు వారిని తుడిచిపెట్టాయి. 1975లో విమానంలో షింగూకు తరలించేనాటికి మిగిలింది 79 మంది. వారు 1990లలో తమ పాత భూమిలో మిగిలిన భాగానికి తిరిగి వచ్చారు. ఇప్పుడు 500 దాటారు.

అపోహ: పటంలో గీత ఉంటే హక్కు ఉన్నట్టే

అంత బాగుంటే నాకు పని ఉండేది కాదు. ఒకే రంగు వేసి చూపే పటాల్లో రంగు కింద, అమెజాన్ అడవి విస్తరించిన తొమ్మిది చోట్ల చట్టాలు తొమ్మిది రకాలు. కొలంబియాలో ఆదివాసుల ఉమ్మడి భూమిని ‘రెస్గ్వార్దో’ అంటారు. దాన్ని అమ్మరాదు, జప్తు చేయరాదు. 1988లో ఇచ్చిన ప్రేదియో పుతుమాయో ఒక్కటే దాదాపు 58 లక్షల హెక్టార్లు. ఒకప్పుడు రబ్బరు వ్యాపారి అరానా మనుషులు కొరడాలతో ఏలిన నేల అది. పెరూలో 1974 చట్టం ఆదివాసీ గ్రామాలకు పట్టాలు మొదలుపెట్టింది, 1978 చట్టం మెలిక పెట్టింది: గ్రామంలో సాగుకు పనికొచ్చే నేలకే పట్టా, అడవిగా తేలిన భాగం వాడకానికి మాత్రమే, యాజమాన్యం ప్రభుత్వానిది. అంటే మట్టి పరీక్ష చేసే ఉద్యోగి చేతిలో ఊరి భవిష్యత్తు. సురినామ్‌లో అసలు అలాంటి చట్టమే లేదు. బానిసత్వం నుంచి తప్పించుకుని అడవిలో స్థిరపడ్డ ఆఫ్రికన్ల సంతతి సరమకా ప్రజలు అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లి 2007లో గెలిచినా గీత పటం మీదే ఉంది. ఫ్రెంచ్ గయానా సంగతి మరీ విచిత్రం. ఫ్రాన్స్ జనగణన జాతి అడగదు గనుక నా పట్టికలో ఆ గడి ఖాళీ.

బ్రెజిల్‌లో భూమి గుర్తింపు, ప్రకటన, అధ్యక్షుడి ఆమోదం, రిజిస్ట్రేషన్ అని మెట్లున్నాయి. అన్నీ ఐదేళ్లలో పూర్తి చేయాలని 1988 రాజ్యాంగమే గడువు పెట్టింది. ఇప్పటికీ మెట్ల మీద కూర్చున్న భూములు వందల్లో ఉన్నాయి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి ఒక మాట: విస్తీర్ణాలు కూడేముందు హద్దులు ఒకదాని మీద ఒకటి పడ్డాయేమో చూడండి. యనోమామి భూమీ పికో ద నెబ్లినా జాతీయ పార్కూ కొంత మేర ఒకే నేల. రెండు వరుసలూ కూడితే లేని అడవి పుట్టుకొస్తుంది.

అపోహ: ప్రపంచ జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసీ భూముల్లోనే ఉంది

ఆదివాసుల పక్షాన ఉన్న మనవారే చెప్పే అంకె గనుక ఎవరూ తరచి చూడలేదు. 2024లో ఆదివాసీ పరిశోధకులు సహా కొందరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో దీని మూలం వెతికి, ఆధారం లేదని తేల్చారు. ఆదివాసీ భూముల్లో అడవి నిలిచిందనడానికి ఉపగ్రహ చిత్రాలే చాలు, వట్టి అంకెలు అక్కర్లేదు.

అపోహ: బయటి ప్రపంచం తెలియని రాతియుగపు మనుషులు

బ్రెజిల్ ఆదివాసీ వ్యవహారాల సంస్థ ఫునాయ్ దగ్గర ఏకాంత సమూహాల గురించి 114 నమోదులు ఉన్నాయి. వాటిలో నిర్ధారణ అయినవి 28. వీరిలో చాలామందికి బయటి ప్రపంచం బాగా తెలుసు, తెలిసే దూరం జరిగారు. పెరూలోని మాష్కో పీరో ప్రజలు 1894లో రబ్బరు దొర ఫిట్స్‌కరాల్డ్ మనుషుల చేతిలో ఊచకోతకు గురై నదుల పైభాగాలకు వెళ్లినవారి సంతతి. వారిని పలకరించకుండా భూమిని మాత్రం కాపాడాలన్నది 1987 నుంచి బ్రెజిల్ విధానం.

బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రంలో తనారు అనే చోట ఒక్క మనిషి కోసం అలా కాపాడారు. తన వారందరినీ పశువుల దొడ్ల యజమానుల మనుషులు చంపేశాక మిగిలినవాడు. పేరు తెలియదు, భాష తెలియదు. కట్టుకున్న ప్రతి గుడిసెలోనూ లోతైన గొయ్యి తవ్వేవాడు గనుక ‘గోతి మనిషి’ అన్నారు. చుట్టూ పచ్చిక బయళ్లు, మధ్యలో సుమారు 8 వేల హెక్టార్ల అడవి. చాలా ఏళ్లు నా పట్టికలో ఆ వరుస ఇలా ఉండేది: జనాభా 1, తలకు హెక్టార్లు 8,000. 2022 ఆగస్టులో అతను తన ఊయల పడకలో చనిపోయి కనిపించాడు, ఒంటి మీద మకా చిలుకల ఈకలు పేర్చి ఉన్నాయి. జనాభా గడిలో 1 తీసి 0 పెట్టాను. పక్క గడిలో 8,000 పోయి, సున్నాతో భాగించలేమన్న హెచ్చరిక వచ్చింది. పట్టిక పంపేముందు అలాంటివి చెరిపేయడం మా అలవాటు. దాన్ని మాత్రం ఉంచేశాను.