మొహావే రేవన్ల మీద కేసు ఎక్కడ మొదలైంది

మొహావే ఎడారిలో తాబేలును బతికించడానికి రేవన్ అనే పెద్ద నల్ల పక్షిని చంపాలా వద్దా అన్న గొడవ అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆరినట్టే ఆరి మళ్ళీ రాజుకుంటుంది. 2024 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ మొహావే ఎడారి తాబేలును ‘ముప్పు పొంచి ఉన్న’ జాబితా నుంచి ‘అంతరించే ప్రమాదమున్న’ జాబితాకు మార్చాలని ఓటేసింది. తాబేలు మాట వస్తే పక్కనే రేవన్ మాటా వస్తుంది, తాబేలు పిల్లలను అది తింటుంది కాబట్టి.

రేవన్ కాకి కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద పక్షుల్లో ఒకటి. కిలోకు పైనే బరువు తూగుతుంది. నేరుగా 1989కి వెళ్దాం.

ఆ ఏడాదే తాబేలుకు అమెరికా కేంద్ర ప్రభుత్వం అత్యవసర రక్షణ ఇచ్చింది. జీవశాస్త్రవేత్తల దగ్గర ఒక సాక్ష్యం ఉంది: ఒకే ఒక్క రేవన్ గూటి కింద, నాలుగేళ్లలో, రెండు వందలకు పైగా తాబేలు పిల్లల చిప్పలు దొరికాయి. పుట్టిన కొన్నేళ్ల దాకా ఆ చిప్ప గట్టిపడదు, ముక్కుతో పొడిస్తే చాలు. దాంతో ప్రభుత్వ భూములు చూసే శాఖ ప్రయోగాత్మకంగా ఉడికించిన గుడ్లలో విషం పెట్టింది, కొన్ని పక్షులను కాల్చింది. సుమారు వంద చనిపోయాక జంతు సంరక్షణ సంస్థ హ్యూమన్ సొసైటీ కోర్టుకెళ్లింది. పని ఆగింది.

నన్నడిగితే అసలు మలుపు ఇదే. చంపడమా, మానడమా అన్న రెండు ముక్కల్లోకి వాదన అప్పుడే కుదించుకుపోయింది. ఆ పక్షులను మేపిందెవరన్న ప్రశ్న పక్కకు పోయింది.

నీళ్లే దొరకని ఎడారిలో ఒకప్పుడు రేవన్లు కొద్దిగానే ఉండేవి. 1960ల తర్వాత వాటి సంఖ్య ఏడు రెట్లకు పైగా పెరిగింది. ఊళ్లు పెరిగాయి, వాటితో చెత్త యార్డులు, మురుగునీటి చెరువులు. హైవే మీద బండ్ల కింద నలిగిన జంతువులు రోజూ వడ్డించిన విస్తరే. చెట్లు లేనిచోట గూడు కట్టుకోవడానికి కరెంటు టవర్లు దొరికాయి. మండువేసవిలో కూడా తిండికీ నీటికీ లోటు లేకపోతే పిల్లలు ఎక్కువగా బతుకుతాయి, అంతే. పైగా రేవన్లన్నీ తాబేళ్లను తినవు. తాబేళ్లు ఉండే ఇలాకాలో గూడు పెట్టిన జంటల్లో కొన్నిటిదే ఎక్కువ పాపం.

ఇంకో సంగతి. రేవన్ తినేది పిల్లలను. పెద్ద తాబేళ్లు చస్తున్నది శ్వాసకోశ జబ్బుతో, కరువుతో, బండ్ల కింద పడి. వీటికి తుపాకీ విరుగుడు కాదు కదా.

కాల్చాలనే వాళ్ల మాటలోనూ నిజం లేకపోలేదు. తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదిహేనేళ్లు పట్టొచ్చు, అప్పటిదాకా పిల్లలు మిగలాలి. 2008లో కేంద్రం తయారుచేసిన ప్రణాళిక రెండు వైపులా నడిచింది: చెత్తా నీళ్లూ అందకుండా చేయడం, తాబేళ్లను తింటున్నట్టు తేలిన పక్షులను తొలగించడం. రెండోదే వార్తల్లోకెక్కింది. యార్డులో చెత్త మీద మట్టి కప్పడం ఎవరికి హెడ్‌లైన్?

ఈమధ్య డ్రోన్‌తో గూళ్ల మీదికెళ్లి గుడ్లపై నూనె చల్లుతున్నారు. గుడ్డులోకి గాలి ఆడదు, పిల్ల పెరగదు. తల్లి మాత్రం పొదుగుతూనే ఉంటుంది, మళ్ళీ గుడ్లు పెట్టదు. పక్షి చావదు కాబట్టి టెన్షన్ కొంత తగ్గింది. కానీ ప్రతి వసంతంలో మళ్ళీ చల్లాల్సిందే.

2024 నిర్ణయం మార్చింది తాబేలు హోదాను మాత్రమే. 1972లో వలస పక్షుల రక్షణపై మెక్సికోతో ఉన్న ఒప్పందాన్ని సవరించినప్పుడు కాకి కుటుంబమంతా ఆ పక్షులను కాపాడే అమెరికా చట్టం నీడలోకి వచ్చింది. తాబేలు ఏ జాబితాలో ఉన్నా సరే, రేవన్‌ను కాల్చాలంటే ఇప్పటికీ కేంద్రం అనుమతి కావాలి.