పత్రిక చుట్టూ పుట్టిన పార్టీ

చిరంజీవులకు ఆశీస్సులు.

విప్లవం చేసేవాళ్ళకు సొంత పత్రిక దేనికి, కరపత్రాలు చాలవా అని అడిగారు కదా. రష్యా విప్లవకారుల పత్రిక ‘ఇస్క్రా’ కథ చెబుతాను.

జారు చక్రవర్తి పోలీసుల కళ్ళుగప్పి దేశంలో అచ్చువేయడం కష్టమని, 1900 డిసెంబరులో మొదటి సంచికను జర్మనీలోని లైప్‌జిగ్‌లో వేశారు. తర్వాత మ్యూనిక్, లండన్, జెనీవా. పల్చటి కాగితం, సన్నటి అక్షరాలు. సూట్‌కేసుల దొంగ అరల్లో దాక్కుని సరిహద్దు దాటేది. దారిలో పట్టుబడిన కట్టలకు లెక్కలేదు.

ఇన్ని తిప్పలు పడింది వార్తల కోసమేనా? కాదు. పత్రిక ప్రచారంతో ఆగదు, మనుషుల్ని కూడగడుతుందని 1901లో లెనిన్ అందులోనే రాశాడు. కట్టే భవనానికి పరంజా ఎలాగో పార్టీకి పత్రిక అలాగన్నాడు. నిజమే మరి! కట్టను అందుకోవడానికి ఒకరు, దాచడానికి ఒకరు, చదువు రానివాళ్ళకు చదివి వినిపించడానికి ఒకరు, ఫ్యాక్టరీలో జరిగింది తిరిగి రాసి పంపడానికి ఇంకొకరు కావాలి. అందరూ నమ్మకస్థులై ఉండాలి. వీళ్ళు ఒకరికొకరు తెలిశాక పార్టీ సగం తయారైనట్టే.

ఆ ఉత్తరాల పని చూసింది లెనిన్ భార్య క్రుప్‌స్కయా. పైకి మామూలు ఉత్తరమే. మంట మీద వెచ్చజేస్తే వరసల మధ్య కనబడని సిరాతో రాసిన అసలు సంగతి తేలేది. అదీ కోడ్‌లోనే. ఆవిడ గదిలో దాదాపు ఎప్పుడూ వేడెక్కిన కాగితం వాసనేనని తోటి విప్లవకారుడు ట్రాట్‌స్కీ రాసుకున్నాడు. నన్నడిగితే సంపాదకీయాలకంటే ఈ ఉత్తరాలే ఆ పత్రిక ప్రాణం.

1903లో పార్టీ రెండుగా చీలింది: లెనిన్ వైపు బోల్షివిక్కులు, ఎదుటివైపు మెన్షివిక్కులు. ఆ ఏడాది చివరికల్లా ఇస్క్రా లెనిన్ చేజారి మెన్షివిక్కులకు దక్కింది. 1912లో పీటర్స్‌బర్గ్‌లో బోల్షివిక్కుల పత్రిక ‘ప్రావ్దా’ మొదలైంది. కార్మికులు కోపెక్కు కోపెక్కు పోగేసి నిలబెట్టారు. సర్కారు మూసేస్తే ఇంకో పేరుతో మళ్ళీ వచ్చేది, పేరులో ‘ప్రావ్దా’ మాత్రం దాదాపు ఎప్పుడూ ఉండేది. 1914 జూలైలో మొత్తానికి మూయించారు.

ఇవేవీ తటస్థ పత్రికలు కావు, అలా నటించనూ లేదు. అందుకు నేను తప్పుపట్టను. నాకు మింగుడుపడనిది 1917 సంగతి. అధికారం చేతికొచ్చిన కొద్ది రోజులకే బోల్షివిక్కులు డిక్రీ తెచ్చి ఎదుటి పక్షం పత్రికలు మూయించడం మొదలుపెట్టారు. ఇది తాత్కాలికమేననీ, పరిస్థితులు కుదుటపడగానే ఎత్తేస్తామనీ అందులోనే రాశారు. ఎత్తేయలేదు.

మీ తాతయ్య