పాడకపోతే టీసీ ఇచ్చేయొచ్చా? కిడంగూరు పిల్లల కేసు చెప్పేదేమిటి

బడి ప్రార్థనలో జాతీయగీతం పాడని పిల్లల సంగతి మళ్లీ వాదులాటకు వచ్చింది. బెంగళూరులో యెహోవాసాక్షులైన తెలుగు కుటుంబాలకు ఇది రెండింతల చిక్కు. ఇక్కడ జాతీయగీతంతో పాటు, కర్ణాటక 2004లో అధికారికంగా స్వీకరించిన రాష్ట్రగీతం, నాడగీతె కూడా ఉంటుంది. యెహోవాసాక్షులు ఒక క్రైస్తవ వర్గం. యెహోవా దేవుడికి చేసే ప్రార్థన తప్ప మరే వందనంలోనూ గొంతు కలపకూడదని వీళ్ల నమ్మకం. అసలు మలుపు 1985 జూలై 26న కేరళలోని కిడంగూరులో పడింది.

ఆ రోజు ఒక హైస్కూలు ఈ విశ్వాసానికే చెందిన ముగ్గురు తోబుట్టువులను బయటికి పంపింది. పెద్దవాడు బిజో ఇమ్మాన్యుయేల్ 10వ తరగతి, చెల్లెళ్లు 9, 5 తరగతులు. వాళ్లు గీతం వినబడగానే లేచి నిలబడేవారు, పెదవి మాత్రం కదిపేవారు కాదు. వాళ్ల అక్కలూ అదే బడిలో ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డారు, ఎవరూ తప్పుపట్టలేదు. విషయం శాసనసభలో ప్రశ్నగా మారాకే ఇది నేరంలా కనిపించింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం కూడా పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అవమానించలేదనీ తేల్చింది. అయినా పంపేశారు.

పిల్లలు కోర్టుకెక్కితే, కేరళ హైకోర్టు గీతంలోని మాటలు పరిశీలించి, మతానికి అడ్డొచ్చేది ఏమీ లేదంది. తప్పు అక్కడే జరిగింది. ఆ నమ్మకం ఇతరులకు సబబుగా తోస్తుందా అన్నది ప్రశ్న కాదనీ, అది నిజంగా, మనస్సాక్షిగా పట్టుకున్నదేనా అని మాత్రమే చూడాలనీ 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన మన జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి. మాట్లాడే స్వేచ్ఛలో మౌనంగా ఉండే హక్కూ ఉందన్నారు. దాన్ని కట్టడి చేయాలంటే చట్టం కావాలి, విద్యాశాఖ సర్క్యులర్ చాలదు. జాతీయ గౌరవానికి అవమానం జరగకుండా చేసిన 1971 నాటి చట్టం శిక్షించేది కావాలని గీతాలాపనను ఆపేవాళ్లను, పాడుతున్న వాళ్లకు భంగం కలిగించేవాళ్లను. నిలబడి ఊరుకున్నవాళ్లు అందులోకి రారు. నాడగీతె ఆ చట్టం పరిధిలోనే లేదు.

గీతాన్ని గౌరవించడం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రకారం పౌరుడి విధి కదా అని అవతలి పక్షం అడుగుతుంది. లేచి నిలబడటమే గౌరవం అని కోర్టు జవాబిచ్చింది. సుప్రీంకోర్టు 2016 నవంబరు 30న ఇచ్చిన ఉత్తర్వు ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంది. అది సినిమా హాళ్లలో గీతం వేయడం గురించినది, 2018 జనవరి 9న దాన్నీ ఐచ్ఛికం చేశారు.

ఈ పట్టుదల పిల్లల మొండితనం కాదు. నాజీ నిర్బంధ శిబిరాల్లో ఊదారంగు త్రికోణం గుర్తుతో ఉంచిన యెహోవాసాక్షుల ముందు ఒక కాగితం పెట్టేవారు. విశ్వాసం వదులుకున్నానని సంతకం చేస్తే విడుదల. చేసినవారు చాలా కొద్దిమంది. అమెరికాలోనూ 1940లో జెండా వందనం కేసు ఓడిపోయి, 1943లో బార్నెట్ కేసులో గెలిచారు. చిన్నప్పరెడ్డి గారు ఆ తీర్పులనూ పరిశీలించారు.

ఇక బెంగళూరు తల్లిదండ్రులు చేయాల్సింది. జూన్‌లో బడి తెరవగానే హెడ్మాస్టరుకు ఒక ఉత్తరం ఇవ్వాలి: బిడ్డ లేచి నిలబడుతుంది, పాడదు, ఎవరికీ అడ్డు రాదు. అందులో బిజో ఇమ్మాన్యుయేల్ కేసు పేరు, సంవత్సరం రాసి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ప్రార్థన తప్పించుకోవడానికి బిడ్డను ఆలస్యంగా పంపితే అది క్రమశిక్షణ లోపమవుతుంది, తీర్పు కాపాడదు. కూర్చుండిపోయినా అంతే, ఆ తీర్పు నిలబడ్డ పిల్లలది. ఎందుకు పాడవని అడిగితే బిడ్డ తన మాటల్లో చెప్పగలగాలి. ‘అమ్మ వద్దంది’ అంటే మనస్సాక్షి అన్న వాదన బలహీనపడుతుంది.

8వ తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడినుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ అంటుంది. 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మైనారిటీ బడులకు అది వర్తించదు. మిగతా బడులు నేరుగా తీసేయలేవు కాబట్టి, ఎక్కువగా జరిగేది బహిష్కరణ కాదు, ‘మీరే టీసీ అడిగినట్టు రాసివ్వండి’ అన్న ఒత్తిడి. ఆ కాగితం మీద సంతకం పడితే రికార్డుల్లో మీరే వెళ్లిపోయినట్టవుతుంది. సంతకం చేయకుండా, పంపించే కారణాన్ని బడి తరఫున రాతపూర్వకంగా అడగండి. సర్క్యులర్ చూపిస్తే దాని నకలు తీసుకోండి.