సివిల్ గ్రాండ్ జ్యూరీకి కంప్లైంట్ పెట్టి ఎదురుచూస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో మా కౌంటీ (మన జిల్లా లాంటిది) సివిల్ గ్రాండ్ జ్యూరీలో, అంటే కౌంటీ, సిటీలు పని సరిగ్గా చేస్తున్నాయా అని చూసే మామూలు జనం బృందంలో, ఒక టర్మ్ చేశాను, ఇప్పుడు మాజీ జ్యూరర్ల సంఘంతో పనిచేస్తున్నా. మా సంఘం పనేంటంటే లైబ్రరీల్లో, రోటరీ క్లబ్బుల్లో, కుదిరితే మన ఉగాది మేళాల్లో కూడా టేబుల్ వేసి గ్రాండ్ జ్యూరీ గురించి చెప్పడం, కొత్తగా అప్లై చేసేవాళ్ళని వెతకడం, పాత రిపోర్టులకి సిటీలూ కౌంటీ "చేస్తాం" అని జవాబిచ్చినవి నిజంగా చేశారా లేదా అని వెంటపడటం. టేబుల్ దగ్గరికొచ్చే మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అవే అడుగుతున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో కూడా అవే తిరుగుతున్నాయి. వీటిలో ఒకటి మాత్రం జనానికి నిజంగా డబ్బు నష్టం చేస్తోంది, ముందు దాని సంగతి.

అపోహ: గ్రాండ్ జ్యూరీకి కంప్లైంట్ ఇచ్చేస్తే చాలు, నా కేసు వాళ్ళే చూసుకుంటారు

చూసుకోరు. దయచేసి ఇది నలుగురికీ చెప్పండి.

కిందటేడు లైబ్రరీలో ఒక పెద్దాయన ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని వచ్చారు. వాళ్ళావిడ సిటీ ఫుట్‌పాత్ మీద పైకి లేచిన సిమెంటు పలకకి కాలు తగిలి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారట. ఫోల్డర్లో ఎక్స్-రే, హాస్పిటల్ బిల్లులు, ఆ పలక ఎంత ఎత్తు లేచిందో తెలియడానికి పక్కన క్వార్టర్ నాణెం నిలబెట్టి తీసిన ఫోటో, అన్నీ తేదీలవారీగా పేర్చి పెట్టుకున్నారు. పాపం ఎంత జాగ్రత్తగా చేశారో. "గ్రాండ్ జ్యూరీకి పంపించాను బాబూ, అందిందని ఉత్తరం కూడా వచ్చింది, అందుకే ఇంకెక్కడికీ పోలేదు" అన్నారు. పడింది ఎప్పుడు అంకుల్ అని అడిగితే ఏడు నెలలు దాటిందన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఎందుకంటే కాలిఫోర్నియాలో సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ లాంటి ప్రభుత్వ సంస్థ వల్ల మీకు దెబ్బ తగిలినా, మీ కారో సామానో పాడైనా, 6 నెలల్లోపు ఆ సంస్థకే రాతపూర్వకంగా గవర్నమెంట్ క్లెయిమ్, అంటే నష్టపరిహారం అడిగే కాగితం, వేయాలి. కాంట్రాక్టు లాంటి వేరేరకం గొడవలైతే చాలావాటికి ఏడాది గడువు. ఆ క్లెయిమ్ వేయకుండా కోర్టుకెళ్తే కేసు నిలబడదు. మీ క్లెయిమ్ తేల్చడానికి వాళ్ళకి 45 రోజులుంటాయి, కాదని రాతపూర్వకంగా నోటీసు పంపితే మామూలుగా అక్కణ్ణుంచి ఇంకో 6 నెలల్లో మీరు కోర్టులో దావా వేయాలి. ఈ లెక్కలన్నీ నడుస్తూనే ఉంటాయి, గ్రాండ్ జ్యూరీకి మీరు పంపిన కాగితం వాటిని ఒక్కరోజు కూడా ఆపదు. అందిందని వచ్చిన ఉత్తరం వట్టి రసీదే, అంతకుమించి ఏమీ కాదు.

అంకుల్‌కి ఒక దారి మిగిలే ఉంది. ఏడాది లోపలైతే, ఆలస్యమైంది, అయినా తీసుకోండి అని కారణం చూపిస్తూ అప్లికేషన్ పెట్టుకోవచ్చు, ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. మా సంఘం లాయర్ పని చేయకూడదు కాబట్టి ఆరోజే లాయర్‌కి ఫోన్ చేయమని, కౌంటీ లా లైబ్రరీకి వెళ్ళమని చెప్పి పంపాం. తర్వాత ఏమైందో నాకు తెలీదు.

ఇలాంటివే ఇంకొన్ని. ప్రాపర్టీ టాక్స్ వాల్యూ ఎక్కువ వేశారని గ్రాండ్ జ్యూరీకి రాసి కూర్చుంటారు, ఆ వాల్యూ సరికాదని పెట్టే అసెస్‌మెంట్ అప్పీల్‌కి మాత్రం కౌంటీని బట్టి సెప్టెంబర్ 15 లేదా నవంబర్ 30 ఆఖరు. పార్కింగ్ టికెట్ తప్పంటే టికెట్ ఇచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో ఆ టికెట్ ఇచ్చినవాళ్ళనే అడగాలి. ముందు మీ గడువున్న పని చేసేసుకోండి, ఆ తర్వాత గ్రాండ్ జ్యూరీకి కూడా రాయండి, నేను రాయొద్దనడం లేదు.

మరి గ్రాండ్ జ్యూరీ చేసేదేంటి? మా లాంటి కౌంటీల్లో 19 మంది మామూలు జనం (లాస్ ఏంజెలెస్‌లో 23, మరీ చిన్న కౌంటీల్లో 11) ఎక్కువచోట్ల జూలై 1 నుంచి జూన్ 30 దాకా కూర్చుని కౌంటీ, సిటీలు, స్కూల్ డిస్ట్రిక్ట్‌లు, నీళ్ళ డిస్ట్రిక్ట్‌ల్లాంటివి పని సరిగ్గా చేస్తున్నాయా అని చూస్తారు. మీ ఒక్కరి ఫుట్‌పాత్ కాదు, ఆ సిటీకి ఫుట్‌పాత్‌లు చెక్ చేసే పద్ధతంటూ ఉందా, కంప్లైంట్ వచ్చాక ఎన్నాళ్ళకి బాగుచేస్తున్నారు, అది వాళ్ళకి కావాల్సింది. దేన్ని విచారించాలో వాళ్ళే తేల్చుకుంటారు, 19 మందిలో కనీసం 12 మంది ఒప్పుకుంటేనే రిపోర్టు బయటికొస్తుంది. నష్టపరిహారం ఇప్పించలేరు, ఫైన్ కొట్టేయలేరు, కోర్టు కేసుల్లో వేలు పెట్టలేరు.

అపోహ: మీరు మాజీ జ్యూరర్లు కదా, నా కంప్లైంట్ ఎంతవరకు వచ్చిందో కనుక్కుని చెప్పండి

చెప్పలేం, చెప్పకూడదు. అక్కడ వేసిన ప్రమాణం టర్మ్ అయిపోయినా బతికున్నన్నాళ్ళూ ఉంటుంది, మా ఇంట్లోవాళ్ళకి కూడా లోపలి మాట ఒక్కటీ తెలీదు. పైగా మా సంఘానికి ఏ అధికారమూ లేదు, ఇప్పుడున్న జ్యూరీ దగ్గరున్న కాగితాలు మేం కూడా చూడలేం. ఈ రహస్యం ఊరికే పెట్టింది కాదు. 2022లో శాంటా క్లారా సిటీ కౌన్సిల్ మీద వచ్చిన రిపోర్టుని విడుదలకి ముందే బయటికి పంపి, ఆ విషయంలో ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన ఒక కౌన్సిల్ సభ్యుణ్ణి 2024 డిసెంబర్లో దోషిగా తేల్చారు. రేపు మీరే సాక్షిగా మాట్లాడాల్సొస్తే మిమ్మల్ని కాపాడేది కూడా ఈ రహస్యమే.

అపోహ: గ్రాండ్ జ్యూరీ అంటే అరెస్టులు, హెచ్1 మీద ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు

టీవీలో చూసేది క్రిమినల్ గ్రాండ్ జ్యూరీ, చార్జీలు పెట్టాలా వద్దా తేల్చేది. నేను చెప్పేది ఆ పని కాదు. కంప్లైంట్ ఎవరైనా ఇవ్వచ్చు, వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డ్ ఉన్నా. నేను చూసిన ఏ ఫారంలోనూ ఇమిగ్రేషన్ స్టేటస్ గడి లేదు. మీ పేరు బయటపెట్టరు. భయపడి ఊరుకున్నవాళ్ళని చూస్తే బాధేస్తుంది, వాళ్ళు చూసింది ఇంకెవరూ చూసుండకపోవచ్చు. జ్యూరర్‌గా కూర్చోడానికి మాత్రం సిటిజన్ అయ్యుండాలి, కాకుండానే అవునని టిక్ పెడితే అదే ఇమిగ్రేషన్‌లో పెద్ద తలనొప్పి అవుతుంది, జాగ్రత్త. "జ్యూరీ డ్యూటీకి రాలేదు, వారెంట్ ఉంది, వెంటనే డబ్బు కట్టు" అని ఫోన్ వస్తే అది మోసం, పెట్టేయండి. ఏ కోర్టూ గిఫ్ట్ కార్డులు అడగదు.

అపోహ: ఆ రిపోర్టులన్నీ బుట్టదాఖలే

చేసి తీరాలని ఆర్డర్ వేసే అధికారం లేదు, నిజమే. జవాబివ్వడం మాత్రం చట్టం. ఎన్నికైన ఆఫీసర్ 60 రోజుల్లో, కౌన్సిల్ లేదా బోర్డు 90 రోజుల్లో. ప్రతి సిఫార్సుకీ చేశాం, ఫలానా తేదీకి చేస్తాం, ఇంకా స్టడీ చేయాలి, చేయం ఎందుకంటే ఇదిగో కారణం, ఈ నాలుగింట్లో ఒకటి చెప్పాలి. "స్టడీ" అంటే 6 నెలలు దాటకూడదు. మా సంఘంలో ఇద్దరు ముగ్గురు పాత జవాబులు ముందేసుకుని కౌన్సిల్ మినిట్స్‌తో (మీటింగ్ రికార్డులతో) పోల్చి చూస్తారు, తేదీ దాటిపోయినవి పట్టుకుని మీటింగ్‌లో జనం మాట్లాడే పబ్లిక్ కామెంట్ టైమ్‌లో నిలబడి అడుగుతారు. ఆ జవాబులు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, మీ సిటీవి మీరూ తీసి చదవచ్చు.

అపోహ: గ్రాండ్ జ్యూరర్ పని లాయర్లకీ, రిటైరైన వాళ్ళకే

18 ఏళ్ళు నిండిన సిటిజన్ అయ్యి, కౌంటీలో ఏడాదిగా ఉంటూ, ఇంగ్లీష్ సరిపడా వస్తే అప్లై చేయచ్చు. ఫెలనీ (పెద్ద నేరం) శిక్షలు ఉండకూడదు, ఎన్నికైన పదవిలో ఉండకూడదు. డబ్బు కోసమైతే రావద్దు, చట్టంలో రాసింది రోజుకి 15 డాలర్లూ మైలేజీ, కొన్ని కౌంటీలు కాస్త ఎక్కువిస్తాయి. కౌంటీ జైళ్ళు ఎలా ఉన్నాయో చూడటం తప్పనిసరి డ్యూటీ, అది చాలామందికి తెలీదు. పని వారంలో చాలా గంటలు తినేస్తుంది, ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూ అంటే కష్టమే, ఇంట్లో, ఆఫీసులో ముందే మాట్లాడుకోండి. అప్లికేషన్లు చాలా కౌంటీల్లో జూలైకి కొన్ని నెలల ముందు తీసుకుంటారు, మీ కౌంటీ సుపీరియర్ కోర్టు సైట్‌లో తేదీ చూసుకోండి.