"180 దగ్గర ఇంజిన్ పోయిందన్నా!": లిమిటర్ల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక ఆదివారం, కంచం ముందు కూర్చున్నానో లేదో ఫోన్. టోక్యోలో నిషి కసాయ్‌లో ఉండే మనవాడే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండేళ్లు డబ్బు దాచుకుని సెకండ్ హ్యాండ్ హోండా ఎస్2000 కొన్నాడు. ఆ రోజు ఫుజి స్పీడ్‌వే రేస్ ట్రాక్ మీద సొంత బండి నడిపే ట్రాక్ డే, అతనికి అదే మొదటిది. "అన్నా, స్ట్రెయిట్‌లో ఉండగా ఇంజిన్ పోయిందన్నా. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టయింది. మళ్లీ దానంతటదే అందుకుంది, మళ్లీ లాగింది. పిట్‌లోకి తెచ్చి ఆపేశాను, స్టార్ట్ చేయాలంటే భయమేస్తోంది" అన్నాడు. లాగినప్పుడు మీటర్లో ఎంత ఉందిరా అని అడిగాను. "నూట ఎనభై పైన ఏదో." నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అంత డబ్బు పోసి కొన్న బండి చేతిలోనే పోయిందనుకున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అది ఫ్యూయల్ కట్ నాయనా, 180 దాటనీయకుండా బండిలోని లిమిటర్ పెట్రోల్ ఆపేస్తుంది, అంతే, స్టార్ట్ చేసుకుని ఇంటికి రా అన్నాను.

నేను పదకొండేళ్లుగా చిబా వైపు ఒక చిన్న గ్యారేజీలో పనిచేస్తున్నాను, అంతకుముందు బెజవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డు. టర్బో లేని జపాన్ స్పోర్ట్స్ కార్లు మా దగ్గరికి ఎక్కువ వస్తాయి, వాటితో పాటు ఈ 180 భయమూ వస్తుంది. కాబట్టి ఒక్కసారి రాసి పెడితే తర్వాత లింకు పంపొచ్చని ఇది.

అపోహ: 180 దగ్గర కట్ అయితే ఇంజిన్ దెబ్బతింటుంది.

తినదు. గేర్‌బాక్స్ దగ్గరున్న సెన్సర్ బండి వేగాన్ని పల్స్‌లుగా పంపుతుంది. పాత జపాన్ మీటర్ల లెక్కలో గంటకి 60 కిలోమీటర్ల దగ్గర మీటర్ కేబుల్ నిమిషానికి 637 చుట్లు తిరుగుతుంది, ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చాక చాలా కార్లలో చుట్టుకి నాలుగు పల్స్‌లు. అంటే 180 దగ్గర సెకనుకి సుమారు 127. ఆ హద్దు దాటగానే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు మూసేస్తుంది, వేగం కాస్త తగ్గగానే తెరుస్తుంది. మీరు రోజూ సిగ్నల్ దగ్గరికి వస్తూ గేర్లో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు కూడా ఇంజెక్టర్లు ఇలాగే మూసుకుంటాయి, అప్పుడెవరూ నాకు ఫోన్ చేయరు.

అపోహ: 180 జపాన్ ప్రభుత్వం పెట్టిన చట్టం.

కాదు, కంపెనీలు తమలో తాము అనుకుని పాటించిన మాట. మామూలు కార్లకి 180, 660 సీసీ కేయి కార్లకి 140. దీనితో పాటు ఇంజిన్ పవర్ 280 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) దాటకూడదనే ఇంకో ఒప్పందం కూడా నడిచింది, దాన్ని 2004లో 300 పీఎస్ హోండా లెజెండ్ దాటేసింది, వేగం లిమిటర్ మాత్రం మిగిలింది. చట్టం ఉన్నది పెద్ద లారీలకి: 2003 సెప్టెంబర్ నుంచి గంటకి 90. మన దేశంలో రవాణా వాహనాలకి 80 పెట్టినట్టు. ఆటోనగర్‌లో గవర్నర్ (లారీ వేగాన్ని ఆపే పరికరం) పీకేస్తే మైలేజీ పెరుగుతుందని డ్రైవర్లు మా మేస్త్రి వెంటపడేవాళ్లు, ఆయన "మైలేజీ నీ కాల్లో ఉందిరా" అని పంపేసేవాడు. మనుషులు ఎక్కడైనా ఒకటే, అక్కడ మైలేజీ కోసం, ఇక్కడ పవర్ కోసం.

అక్కడికే వస్తున్నా.

అపోహ: లిమిటర్ కట్ చేయిస్తే పవర్ పెరుగుతుంది.

ఒక్క పీఎస్ కూడా పెరగదు. ఎస్2000 మొదటి మోడల్ ఏపీ1నే తీసుకోండి, రెండు లీటర్లు, 250 పీఎస్, రెడ్‌లైన్, అంటే ఇంజిన్ దాటకూడని హద్దు, నిమిషానికి 9000 చుట్లు. గేర్ రేషియోలు, వెనక టైర్ చుట్టుకొలత పెట్టి లెక్క వేస్తే 9000 దగ్గర మూడో గేర్లో 152, నాలుగో గేర్లో 194 వస్తుంది. అంటే మనవాడు 180 తగిలింది నాలుగో గేర్లోనే, 8350 దగ్గర. ఇంకా రెండు గేర్లు వాడకుండా మిగిలున్నాయి. దీన్ని చూసే జనం "చూశావా, ఎంత దాచిపెట్టారో" అంటారు. నిజమే, ఎస్2000 లాంటి బండికి 180 చిన్న లెక్కే, విదేశాల్లో అమ్మిన ఇదే బండి 240 దాకా వెళ్తుంది. ఆరో గేర్లో 9000 పట్టుకుంటే కాగితం మీద 278 అని కూడా వస్తుంది, కానీ 278 ఎవరూ చూడరు, ఎందుకంటే గాలిని తోయడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 180 దగ్గర ఎంత కావాలో 240 దగ్గర దానికి సుమారు 2.4 రెట్లు కావాలి. టర్బో లేని రెండు లీటర్ల ఇంజిన్ దగ్గర ఆ పైన ఇవ్వడానికి ఇంకేమీ ఉండదు. అక్కడ ఆపేది ఈసీయూ కాదు, గాలి.

1989 నాటి యూనోస్ రోడ్‌స్టర్, 1.6 లీటర్లు, 120 పీఎస్, దాని టాప్ స్పీడే అటూ ఇటుగా 180. దానికి కూడా లిమిటర్ కట్ బాక్స్, అంటే 180 దగ్గర ఆపకుండా ఈసీయూని మోసం చేసే డబ్బా, పెట్టించుకుని వచ్చాడొకాయన. ఆ పెట్టినవాడెవడో స్పీడ్ వైరు మధ్యలో కోసి, టంకం లేకుండా మెలేసి, పైన టేపు చుట్టాడు. మీటర్ కేబుల్‌ని కూడా వంచి బిగించాడు, దాంతో మీటర్ ముల్లు డాన్స్. ఇక్కడి షాకెన్ తనిఖీలో రోలర్ల మీద మీటర్ 40 చూపించినప్పుడు అసలు వేగం హద్దుల్లో ఉందా అని చూస్తారు, అందులో ఫెయిలయ్యాడు. వెళ్లని వేగం కోసం బాక్స్‌కీ కూలీకీ పెట్టిన డబ్బు పోయింది, అది విప్పించడానికి మళ్లీ మాకిచ్చాడు.

సరే, ఇదంతా ఫోన్లో మనవాడికి చెప్పాను, అతను ఊపిరి పీల్చుకుని ఒక మాట అన్నాడు. నా అన్నం చల్లారింది దాని వల్లే.

"అయితే లిమిటర్ ఉంది కదన్నా, ఎంత తిప్పినా ఇంజిన్‌కి ఏం కాదన్నమాట!"

అపోహ: లిమిటర్ ఉంది కాబట్టి ఇంజిన్ సేఫ్.

నేను చూసిన అపోహల్లో ఎక్కువ ఇంజిన్లు తిన్నది ఇదే. ముందు ఒకటి విడదీసుకోండి. వేగం లిమిటర్ వేరు, రెవ్ లిమిటర్ వేరు. మొదటిది బండి వేగం చూస్తుంది, అది ఉన్నది ఇంజిన్‌ని కాపాడటానికి కానే కాదు. రెండోది క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దగ్గరి సెన్సర్‌తో ఇంజిన్ చుట్లు చూస్తుంది, అది ఇంజిన్ కోసమే. కానీ రెండింటి చేతిలోనూ ఉన్న ఆయుధం ఒకటే: పెట్రోల్ ఆపడం. మీరు మూడో గేర్లో యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే రెవ్ లిమిటర్ మిమ్మల్ని నిజంగానే కాపాడుతుంది. తప్పు గేర్ వేస్తే? అప్పుడు ఇంజిన్‌ని తిప్పుతున్నది పెట్రోల్ కాదు, చక్రాలు. టన్నుంపావు బండి రోడ్డు మీద దొర్లుతూ గేర్‌బాక్స్ ద్వారా క్రాంక్‌ని మెడపట్టి తిప్పుతోంది. ఈసీయూ ఇంజెక్టర్లు మూసేసి కూర్చుంటుంది, అంతకుమించి దానికి చేతనైంది ఏమీ లేదు.

లెక్క చూడండి. మూడో గేర్లో 8500 దగ్గర నాలుగో గేర్ వేయబోతున్నారు. లివర్‌ని నేరుగా కిందికి లాగాలి. కంగారులో పిడికిలి బిగించి మీ వైపో అవతలి వైపో గుంజారు. ఇక్కడ స్టీరింగ్ కుడివైపు కాబట్టి మనం ఎడమ చేత్తో గేర్లు వేస్తాం, చేయి అవతలికి జారితే పడేది రెండో గేర్. క్లచ్ వదిలిన క్షణంలో 8500 కాస్తా సుమారు 11700 అవుతుంది. 9000కి తయారుచేసిన ఇంజిన్ అది. 9000 దగ్గరే పిస్టన్ సగటు వేగం సెకనుకి 25 మీటర్లు, ఆ కాలానికి రోడ్డు బండిలో అది ఆశ్చర్యమే. 11700 దగ్గర లోపలి భాగాల మీద పడే బలం 9000తో పోలిస్తే దాదాపు 70 శాతం ఎక్కువ, ఎందుకంటే అది చుట్ల వర్గంతో పెరుగుతుంది. సిలిండర్‌లోకి గాలిని వదిలే, పొగని బయటికి పంపే తలుపుల్లాంటివి వాల్వ్‌లు; వాటి స్ప్రింగులు అంత వేగంగా వాల్వ్‌ని వెనక్కి తీసుకోలేవు, తేలుతున్న వాల్వ్‌ని పిస్టన్ వచ్చి గుద్దుతుంది.

అసలు దారుణం ఏమిటంటే చాలాసార్లు అక్కడికక్కడ ఏమీ కాదు. మూడేళ్ల కిందట ఒక ఏపీ1 మా దగ్గరికి వచ్చింది. "ఐడిలింగ్‌లో కొంచెం టిక్ టిక్ అంటోంది, ఆయిల్ మార్చండి చాలు" అన్నాడు ఓనర్. ఆయన జపనీస్, యాభై దాటిన మనిషి, చాలా మర్యాదస్తుడు. హెడ్ కవర్ విప్పి వాల్వ్ రిటైనర్ల మీద టార్చ్ వేశాను. ఒకదాని మీద వెంట్రుకంత గీత. గోటితో తడిమితే తగులుతోంది. రిటైనర్ అంటే వాల్వ్‌ని స్ప్రింగ్‌కి పట్టి ఉంచే చిన్న గిన్నె, అది ఇంకో నాలుగు రోజుల్లో విరిగి ఉంటే వాల్వ్ సిలిండర్లోకి జారిపోయేది, ఆ తర్వాత హెడ్, పిస్టన్, బ్లాక్ అన్నీ చెత్తబుట్టలోకే. ఎప్పుడైనా తప్పు గేర్ పడిందా అని అడిగితే ఆయన కాసేపు బూట్ల వైపు చూసుకుని, ఆరు నెలల కిందట ఒక్కసారి, ఒక్క సెకను, కానీ లిమిటర్ ఉంది కదా అని పట్టించుకోలేదన్నాడు. ఇంట్లో కూడా చెప్పలేదట పాపం.

కాబట్టి తప్పు గేర్ పడితే సిగ్గుపడకండి, దాచకండి. సిలిండర్‌లో ఒత్తిడి నిలుస్తోందా, లీకవుతోందా అని చూసే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్ష చేయించండి, హెడ్ కవర్ విప్పించి రిటైనర్లు చూపించుకోండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లయితే కొనే ముందే. పరీక్ష ఖర్చు ఇంజిన్ ఖర్చులో పిసరంత. గేర్ వేసేటప్పుడు పిడికిలి వద్దు, అరచేత్తో తోయండి, మధ్యలోకి తెచ్చే పని లివర్ స్ప్రింగ్ చూసుకుంటుంది. "రెవ్ లిమిట్ కూడా ఇంకో 500 పెంచుతాం" అని ఎవరైనా ఈసీయూ ప్యాకేజీలో కలిపి అంటగడితే, వాల్వ్ స్ప్రింగులు మార్చారా అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు నసిగితే బయటికి వచ్చేయండి.

మిగతావి గబగబా. 260 అంకె ఉన్న మీటర్ డయల్ బిగించుకుంటే బండి 260 వెళ్లదు, అది స్టిక్కర్‌తో సమానం. జపాన్ మోడల్ ఇంజిన్ ఎగుమతి మోడల్ కన్నా తక్కువనేది కూడా వట్టిమాట, చాలాసార్లు ఇక్కడిదే ఎక్కువ. టొయోటా 86 యూరప్‌లో మాన్యువల్ 226, ఆటోమేటిక్ 210, ఇంజిన్ ఒకటే, తేడా గేర్లది, దాని మీద కొట్టుకోవద్దు. హైవే మీద పరీక్షించి చూస్తాననే వాళ్లకి: షిన్ తోమేలో అత్యధికంగా ఇచ్చింది 120, అదీ కొంత దూరమే. స్పీడ్ లిమిట్ కన్నా 50 లేదా ఆపైన ఎక్కువ వెళ్తే ఒక్క దెబ్బకి 12 పెనాల్టీ పాయింట్లు, 90 రోజులు లైసెన్స్ సస్పెన్షన్. వీసా మీద ఉన్నవాళ్లం, మనకెందుకొచ్చిన గొడవ.

టైర్ల సంగతి మాత్రం గబగబా చెప్పలేను. టైర్ పక్కన సైజు చివర ఒక అక్షరం ఉంటుంది. ఎస్ అంటే 180, హెచ్ 210, వీ 240, డబ్ల్యూ 270. ఇక్కడ చలికాలం వేసే స్టడ్‌లెస్ టైర్ల మీద ఎక్కువగా కనిపించేది క్యూ, అంటే 160. మీ ఫ్యాక్టరీ లిమిటర్ కన్నా తక్కువ! ఆ బండికి లిమిటర్ కట్ చేయించి ట్రాక్‌కి వెళ్తాననే వాళ్లు నాకు తగిలారు. ఆ అక్షరం కూడా కొత్త టైరుకి, సరైన గాలి ఉన్నప్పుడు. పదేళ్లు గాలిలో గట్టిపడ్డ రబ్బరు మీద ఏ అక్షరం ఉన్నా లాభం లేదు.

ఇదంతా విన్నాక మనవాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాట్సాప్‌లో ఫోటో పంపాడు, వెనక టైర్ పక్క గోడ, నాలుగంకెల డేట్ కోడ్ మీద వేలు పెట్టి. 3813. అంటే 2013లో 38వ వారం. మిట్టల మధ్య గోటి గీతల్లాంటి పగుళ్లు ఫోటోలోనే కనిపిస్తున్నాయి. "ఇంకో సెషన్ ఉందన్నా, వెళ్లనా?" అని కింద మెసేజ్. వద్దు, మెల్లగా ఇంటికి రా, ఎక్స్‌ప్రెస్‌వేలో ఎడమ లేన్ వదలకు, శనివారం షాపుకి బండి తీసుకురా అని పెట్టి, చల్లారిన పప్పు మళ్లీ వేడిచేసుకున్నాను.