మర్నాటికి మిగలని ఉత్సాహం గురించి

గుంటూరు,
కనుమ వెళ్లిన నాలుగో రోజు

చిరంజీవులు స్రవంతి, వంశీ, చిన్నూలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు హాస్టల్‌కి క్షేమంగా చేరారని మీ అమ్మలు చెప్పారు. అరిసెలు గదిలో అందరికీ పంచండి. అక్కడ ఫోన్లు ఉండనివ్వరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ ఉన్నా ఈ సంగతి మాత్రం రాసే పంపేదాన్ని.

భోగి ముందు రోజు రాత్రి, విజయవాడ బుక్ ఎగ్జిబిషన్‌లో కొన్న నాలుగు పుస్తకాలూ మంచం మీద పరిచి స్రవంతి ఒక మాట అడిగింది. "అమ్మమ్మా, ఇవి చదువుతున్నంతసేపూ రేపటినుంచి నేను వేరే మనిషిని అయిపోతాననిపిస్తుంది. తెల్లారేసరికి ఏమీ ఉండదు. లోపం నాలో ఉందా, పుస్తకంలో ఉందా?" అంది. ఇంటినిండా చుట్టాలు, పొయ్యిమీద పాకం. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

లోపం నీలో లేదు తల్లీ. ఇరవై తొమ్మిదేళ్లు శాఖా గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకున్న మనిషిగా నాకు తోచింది చెబుతాను. మంచి పుస్తకం చదివినప్పుడు కలిగే హుషారు, మంచి పని చేశాక కలిగే సంతోషంలాగే ఉంటుంది. మనసు ఆ రెంటినీ ఒకటే అనుకుంటుంది. పని అయిపోయిందనుకుని స్థిమితపడుతుంది. హుషారు తగ్గగానే ఇంకో పుస్తకం తెరుస్తాం. అలా వారానికొకటి తీసుకెళ్లి, అంతే దిగాలుగా తిరిగొచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఒక్క కుర్రాడు మాత్రం వేరు. మిర్చి యార్డులో గుమస్తాగా లెక్కలు రాసేవాడు. సాయంత్రం గ్రంథాలయం మూసే వేళకు పరుగెత్తుకొచ్చేవాడు. సంజీవదేవ్ గారి ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు' తీసుకెళ్లి, గడువు అయినప్పుడల్లా వచ్చి మళ్లీ అదే రాయించుకునేవాడు. ఆ పుస్తకం తిరిగొచ్చిన ప్రతిసారీ మిరపకాయల ఘాటుకి నాకు తుమ్ములే తుమ్ములు. ఎందుకయ్యా ఇదే చదువుతావు అంటే, జేబులోంచి తూకం చీటీలు తీశాడు. వాటి వెనకవైపు, ఆ రోజు తన కంటికి అందంగా కనబడినదాన్ని రెండు ముక్కల్లో రాసుకున్నాడు. తడి గోనెసంచి మీద ఎండ. బండి కింద పడుకున్న కుక్క. ఆయన తుమ్మపూడిలో ఒక ఆకు గురించి అంత రాసినప్పుడు, యార్డులో నేను రాయడానికి ఏమీ ఉండదా అనిపించిందండీ అన్నాడు. ఆ చీటీలు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి.

సంజీవదేవ్ గారు మన దుగ్గిరాల పక్కన తుమ్మపూడి మనిషి. 1914లో పుట్టి 1999 దాకా ఉన్నారు. యవ్వనంలో హిమాలయాలకు వెళ్లి, కులూలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ కుటుంబం దగ్గర గడిపి, మళ్లీ తన ఊరికే వచ్చేశారు. బొమ్మలు వేశారు, ఎందరికో ఉత్తరాలు రాశారు. ఆయన పుస్తకాల్లో "ఇలా చెయ్యి" అనే మాట నాకు గుర్తున్నంతలో ఎక్కడా లేదు. అయినా ఆ కుర్రాడు చెయ్యడం మొదలుపెట్టాడు. సృజన అనేది ఎక్కడో మహానగరంలో, పెద్ద చదువుల్లో ఉంటుందనుకునే పిల్లలకు నేను ముందు ఆయన్నే చూపిస్తాను.

స్రవంతి కొన్న వాటిలో 'ఫ్లో' ఉంది కదా. 1990లో వచ్చింది. రాసినాయన మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. బొమ్మ వేస్తున్నంతసేపూ ఆకలీ అలసటా మరిచిపోయే చిత్రకారులు, బొమ్మ పూర్తి కాగానే దాన్ని అంతగా పట్టించుకోకపోవడం ఆయనకు వింతగా తోచింది. మరి వాళ్లకు సంతోషం ఎక్కడుందని వెతుక్కుంటూ వెళ్లాడు. కొండలెక్కేవాళ్లనూ, చదరంగం ఆడేవాళ్లనూ, ఆపరేషన్లు చేసే డాక్టర్లనూ అడిగాడు. ఆయనకు దొరికిన జవాబు మన వాకిట్లోనే ఉంది. ధనుర్మాసంలో చిన్నూ ముగ్గు వెయ్యడం చూశారుగా. అయిదు చుక్కల ముగ్గు ఇస్తే మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయింది. ఇరవై ఒక్క చుక్కలది ఇస్తే టెన్షన్ పడి చెరిపేసింది. పదకొండు చుక్కలది వేస్తుంటే మాత్రం మూడుసార్లు కాఫీకి పిలిచినా పలకలేదు! మన చేతికి వచ్చినదానికన్నా పని కాస్త ముందుండాలి, మరీ దూరంగా ఉండకూడదు. తప్పు ఎక్కడ పోయిందో అప్పటికప్పుడు తెలుస్తుండాలి. చుక్క తప్పితే ముగ్గే చెబుతుంది. ఆ పుస్తకంలో చాలా సంగతులున్నాయి కానీ, ఇది పట్టుబడితే మిగతావి వాటంతటవే తెలుస్తాయి.

వంశీ, నీకు కావలసింది కారొల్ డ్వెక్ గారి 'మైండ్‌సెట్'. 2006 నాటిది. అందులో సారం మన భాషలో చెప్పాలంటే, "నాకు రాదు" అనే మాటకూ "నాకింకా రాలేదు" అనే మాటకూ ఉన్న తేడా. వారం వారం పెట్టే టెస్టుల ర్యాంకులు నీతో మొదటి మాట అనిపిస్తున్నాయి. పండగ నాలుగు రోజుల్లో ఫిజిక్స్ గురించి ఆ మాట నీ నోట ఎన్నిసార్లు విన్నానో. నాకు దిగులేసింది. తెలివైనవాడివని చిన్నప్పుడు నిన్ను తెగ పొగిడాం. ఆ పేరు పోతుందేమోనన్న భయంతో పిల్లలు కష్టమైన లెక్కల జోలికి వెళ్లరని ఆవిడ చెబుతుంది. ఆ తప్పులో నాకూ వాటా ఉంది నాన్నా.

ఇక సంతోషం సంగతి. దీని మీద వచ్చే పుస్తకాలకు లెక్కలేదు. నేను మాత్రం విక్టర్ ఫ్రాంకల్ రాసిన 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్' దగ్గరికే మళ్లీ మళ్లీ వెళతాను. చిన్నూ, నువ్వు రెండేళ్లాగి చదువు, బరువైన పుస్తకం. ఆయన వియన్నా డాక్టరు. యూదుడైనందుకు నాజీలు నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. తల్లీ తండ్రీ భార్యా సోదరుడూ ఆ కాలంలోనే పోయారు. కోటులో దాచుకున్న పుస్తకం రాతప్రతిని కూడా ఆష్విట్జ్‌లో లాగేసుకున్నారు. పుండ్లు పడ్డ కాళ్లతో చలిలో పనికి నడుస్తూ ఒకరోజు ఆయన ఏం ఊహించుకున్నాడో తెలుసా? వెచ్చని హాల్లో నిలబడి, శిబిరంలో మనిషి మనసు ఎలా ఉంటుందో శ్రోతలకు ఉపన్యాసం ఇస్తున్నట్టు. అనుభవిస్తున్న బాధే ఆయనకు చెప్పవలసిన విషయం అయింది. 1945లో బయటపడ్డాక తొమ్మిది రోజుల్లో ఈ పుస్తకం చెప్పి రాయించాడు. సంతోషం వెంటపడితే దొరకదనీ, మనకన్నా పెద్దదైన పనికో, ప్రేమించే మనిషికో మనల్ని ఇచ్చుకుంటే దాని వెనకాలే అది వస్తుందనీ ఆయన అంటాడు. మీ తాతయ్య పోయిన ఏడాది నాకీ పుస్తకం చాలా సాయం చేసింది. అంతకన్నా రాయలేను.

మన జిల్లాలో 1935లో పెదవడ్లపూడికీ కొల్లూరుకీ మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. పాతూరి నాగభూషణం గారు నడిపించారు. పడవ నెమ్మదిగా సాగుతుంటే చేతిలో ఒక్క పుస్తకం పట్టుకుని కూర్చున్న మనిషిని తలుచుకుంటే నాకెంతో బావుంటుంది. మీరూ అలా చదవండి. స్రవంతీ, మూడు పుస్తకాలు పెట్టెలో అడుగున పెట్టెయ్. ఒక్కటి తీసి, పది పేజీలు చదివాక మూసెయ్. అందులోని ఒక్క సంగతి ఆ రోజు చేసి చూడు. చెయ్యనంతవరకూ పదకొండో పేజీ తిప్పకు. కుదరకపోతే ఎందుకు కుదరలేదో రెండు ముక్కలు రాసుకో. పుస్తకం చెప్పింది నీకు సరిపడకపోవచ్చు కూడా. అప్పుడు నిర్మొహమాటంగా కాదనొచ్చు, అచ్చయినంత మాత్రాన అన్నీ నిజాలు కావు. పొద్దున్నే నాలుగింటికి లేచినవాళ్లే బాగుపడతారనే పుస్తకాలు చదివి నిద్ర మాత్రం మానుకోకండి.

ఈ ఉత్తరంతో పాటు 'రైలుబడి' పంపుతున్నాను. జపాన్‌లో తెత్సుకో కురొయానగి రాసింది, 1981లో వచ్చింది. అల్లరి చేస్తుందని ఒక బడివాళ్లు పంపేసిన పాపను, రైలుపెట్టెల్లో తరగతులు నడిపే బడిలో చేరుస్తారు. మొదటిరోజు ఆ హెడ్మాస్టర్ కొబయాషి గారు ఆ పిల్ల మాటల్ని నాలుగు గంటలు కూర్చుని వింటారు. ఒక్కసారి కూడా ఆవులించరు. ఆ నాలుగు గంటల దగ్గరికొచ్చినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

ముందు చిన్నూ చదవాలి, తర్వాత వంశీ. మీ అమ్మలిద్దరూ అందులో పెన్సిల్‌తో గీతలు గీశారు. ఇద్దరూ ఒకే చోట గీసిన పేజీ ఒకటుంది, వెతికి నాకు రాయండి. ఆ గీతలు చెరపకండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ