వేదిక దిగిన ఫ్రాంకో ఫెరారా: కండక్టర్ పనిపై అపోహలు - వాస్తవాలు

సినిమా రికార్డింగుల్లో వయొలిన్ వాయిస్తాను, ఒక చిన్న తీగవాద్య బృందాన్ని నడుపుతాను. వాద్యబృందం (ఆర్కెస్ట్రా) ముందు నిలబడి చేతి సైగలతో దాన్ని నడిపించే కండక్టర్ పని గురించి ఎవరు అడిగినా ప్రశ్నలు అవే. జవాబు చెప్పేటప్పుడు నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఫ్రాంకో ఫెరారా. టోస్కనీని, జుబిన్ మెహతా వంటి కండక్టర్ల పేర్లు తెలిసినవారికి కూడా ఈ ఇటలీ కండక్టర్ పేరు తెలియకపోవడం మామూలే. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

అపోహ: అందరి ముందూ నొటేషన్ ఉంటుంది కదా, కండక్టర్ చేసేది తాళం వేయడమే.

తాళమే కావాలంటే టక్‌టక్‌మని తాళం కొట్టే యంత్రం, మెట్రోనోమ్ చాలు. పెద్ద ఆర్కెస్ట్రాలో ముందు వరుస వయొలిన్‌కూ వెనక కూర్చున్న హార్న్ (ఇత్తడి ఊదువాద్యం)కూ మధ్య పది పదిహేను మీటర్ల దూరం మామూలే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 17 మీటర్లు దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. సంగీతం వేగంగా సాగేచోట ఆ తేడా వినిపిస్తుంది. వెనకవాళ్లు చెవినే నమ్ముకుంటే వాళ్ల స్వరం హాల్లోకి ఇంకా ఆలస్యంగా చేరుతుంది. అందుకే కళ్లు కండక్టర్ మీద ఉండాలి.

బేతోవెన్ ఐదో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) మొదలు చూడండి. మొదటి దెబ్బ మీద ఎవరూ వాయించరు, అక్కడ చిన్న విరామం ఉంటుంది. దాని వెంటనే తీగవాద్యాలు, క్లారినెట్లు కలిసి మూడు పొట్టి స్వరాలు పలికి, రెండో బార్‌లో (మన ఆవర్తనం లాంటి తాళపు విభాగం) ఒక స్వరం మీద నిలిచిపోతాయి. తాళం పడ్డాక ఎత్తుకునే అనాగత గ్రహం తెలిసిన మనవాళ్లకు ఇది కొత్త కాదు. కాకపోతే ఇక్కడ లెక్కపెట్టుకోవడానికి ముందు ఆవర్తనమంటూ ఏదీ లేదు. వేగమెంతో, బలమెంతో చేయి పైకి లేచే ఆ ఒక్క కదలికలోనే అందరికీ తెలియాలి. అది మసకగా ఉంటే ఆ మూడు స్వరాలూ ఆరు స్వరాల్లా వినబడతాయి.

అపోహ: వేదిక మీద నెగ్గలేనివాళ్లే పాఠాలు చెప్పుకుంటారు.

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. ఫెరారా 1911లో సిసిలీలోని పలెర్మోలో పుట్టాడు. వయొలిన్ కళాకారుడిగా ఆర్కెస్ట్రాల్లో కూర్చుని వాయించాడు. 1938లో ఫ్లోరెన్స్‌లో బ్యాటన్ (కండక్టర్ చేతికర్ర) పట్టాడు. పేరు వస్తున్న కాలంలోనే ఒక నరాల జబ్బు ఆయన్ను పట్టుకుంది. కచేరీ నడుస్తుండగా కండక్టర్ నిలబడే దిమ్మ (పోడియం) మీదే స్పృహ తప్పేవాడు. 1940ల చివరికల్లా బహిరంగ కచేరీలు ఆగిపోయాయి.

ఆగింది కచేరీలే, పని కాదు. శ్రోతలు లేని స్టూడియోలో ఆయన చేయి ఎప్పటిలాగే ఆడింది. ఫెల్లీని తీసిన ‘లా స్ట్రాడా’ (1954) సినిమాకు నీనో రోటా కట్టిన సంగీతాన్ని కండక్ట్ చేసింది ఫెరారానే. విస్కోంటి తీసిన ‘ఇల్ గట్టోపార్డో’ (1963)లో పలెర్మో రాజభవనంలో సుదీర్ఘమైన నృత్య ఘట్టం వస్తుంది. అందులో వినిపించే ఇటలీ స్వరకర్త వెర్డి వాల్ట్జ్‌ను (మూడు దెబ్బల నృత్య సంగీతం) వాయించిన బృందం ముందు నిలబడింది ఆ ఊరి బిడ్డ ఫెరారానే. సినిమా సంగీతమంటే రెండో రకం పని అనేవారికి నేను చూపించేది ఈ ఘట్టాన్నే. బొమ్మ కొలతకు సరిపోవాలి, అయినా వాల్ట్జ్ ఊపిరి తెగకూడదు. మేమైతే ఇప్పుడు చెవిలో తాళం టక్‌టక్‌మని వినిపించే క్లిక్ ట్రాక్ పెట్టుకుని వాయిస్తున్నాం, అందులో ఊపిరికి చోటు తక్కువ.

ఇక బోధన. రోమ్‌లోని సాంటా చెచీలియా అకాడమీ, సియెనాలోని కీజియానా అకాడమీ, నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్ ఊళ్లో జరిగిన కోర్సులు ఆయన పాఠశాలలయ్యాయి. 1985లో చనిపోయేనాటికి యూరప్‌లో పెద్ద ఆర్కెస్ట్రాలు నడుపుతున్నవారిలో ఆయన దగ్గర చదువుకున్నవారు చాలామందే ఉన్నారు. ఓడినవాడు చేసే పనేనా ఇది?

అపోహ: స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన పుస్తకం) చూడకుండా కండక్ట్ చేసేవాడే గొప్పవాడు.

టోస్కనీనికి చూపు సరిగా ఆనేది కాదు, కంఠతా పట్టక తప్పలేదు. 1886లో రియో డి జనీరోలో, చెల్లో వాయించడానికి వెళ్లిన 19 ఏళ్ల కుర్రాడు అప్పటికప్పుడు బ్యాటన్ అందుకుని వెర్డి సంగీత నాటకం (ఆపెరా) ‘అయీదా’ను పుస్తకం చూడకుండా నడిపించింది నిజమే. దాన్ని చూసి స్టాండు తీసేయడం ఫ్యాషనైంది. స్కోరు ఎదురుగా పెట్టుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

అపోహ: వీడియోలు చూసి, అద్దం ముందు చేయి తిప్పి నేర్చుకోవచ్చు.

వయొలిన్ ఇంట్లో సాధన చేయవచ్చు. కండక్టర్ వాద్యం మనుషులు, వాళ్లు ఎదురుగా ఉండాలి. సియెనా వేసవి తరగతులకు అంత పేరు రావడానికి అదో కారణం. 1956లో, బొంబాయిలో పుట్టిన మెహతా, మిలాన్‌కు చెందిన క్లాడియో అబ్బాడో, ఇంకా బాలుడైన డేనియల్ బారెన్‌బాయిమ్ అక్కడ ఒకే తరగతిలో కూర్చున్నారు; ముగ్గురూ తర్వాత పెద్ద కండక్టర్లయ్యారు. అప్పటి గురువు కార్లో జెక్కి, ఫెరారా ఆ తర్వాత వచ్చాడు.

ఇంట్లో చేయగలిగింది స్కోరు చదవడం. కొన్ని వాద్యాలకు రాసిన స్వరం వేరు, వినిపించే స్వరం వేరు (సి, ఎఫ్ లాంటివి పాశ్చాత్య స్వరాల పేర్లు). ఎఫ్ హార్న్‌కు ‘సి’ అని రాసి ఉంటే వినిపించేది దాని కింది ‘ఎఫ్’. బి-ఫ్లాట్ క్లారినెట్‌కు అదే ‘సి’ రాస్తే ‘బి-ఫ్లాట్’ పలుకుతుంది. వియోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద తీగవాద్యం)కు వేరే క్లెఫ్, అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు వేరు. ఇవన్నీ ఒకేసారి తలలో మోగాలి. నా దగ్గరికి వచ్చేవారికి బ్యాటన్ ఇవ్వను. మొజార్ట్ తీగవాద్య రచన ఒక్క పేజీ ఇచ్చి వియోలా వరుస పాడమంటాను. మొదటి వయొలిన్ వరుస ఎవరైనా పాడతారు, నడిమి వరుస వినేవాళ్లే తక్కువ.

అపోహ: గొప్ప గురువు శిష్యులందరూ అచ్చు ఆయనలాగే ఉంటారు.

ఫెరారా శిష్యులను వరుసగా వినండి. రికార్డో షాయీ ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాను 1988 నుంచి 2004 వరకు నడిపాడు, తర్వాత లైప్‌సిగ్‌లో బేతోవెన్ సింఫనీలను పరుగులు తీయించాడు. ఆండ్రూ డేవిస్ బీబీసీ సింఫనీతో ఇంగ్లిష్ స్వరకర్తలను తీరిగ్గా వినిపించాడు. ఎలియాహు ఇన్‌బాల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఆస్ట్రియా స్వరకర్త బ్రూక్‌నర్ తర్వాత తిరగరాసిన సింఫనీల తొలి ప్రతులను దుమ్ము దులిపి రికార్డు చేశాడు. మొదట వినాల్సింది ఏదని అడిగితే నేను ఇన్‌బాల్ చేసిన బ్రూక్‌నర్ నాలుగో సింఫనీ చెబుతాను. అందరికీ తెలిసిన ప్రతికీ దీనికీ తేడా మూడో భాగంలో తేలిగ్గా పట్టుకోవచ్చు, అక్కడున్నది పూర్తిగా వేరే సంగీతం.